ఇరవై మూడో నంబరు తలుపు

నా కుడి అరచేతి మధ్యలో పావలా కాసంత మచ్చ ఉంది. అదే చేతికి చూపుడువేలూ మధ్యవేలూ పూర్తిగా ముడుచుకోవు. మా పిల్లలు చిన్నప్పుడు అడిగితే మోపెడ్ చైనులో పడి నలిగాయని చెప్పాను. మచ్చ గురించి వాళ్లు అడగలేదు కాబట్టి దానికి వేరే అబద్ధం వెతుక్కునే అవసరం రాలేదు. నిజానికి ఆ మచ్చ నేను అబద్ధమాడిన రోజు పడింది. వేళ్లు నిజం చెప్పిన రోజు పోయాయి. మధ్యలో పద్నాలుగు నెలలు. ఆ పద్నాలుగు నెలలూ ఒక ఇంటికి నా వల్ల తలుపు లేదు. అసలు సంగతి ఇంతే. కానీ ఇంత పొట్టిగా చెబితే నేను మళ్లీ తప్పించుకున్నట్టే ఉంటుంది. అందుకని మొదటినుంచీ రాస్తున్నాను.

తొంభైల మధ్యలో నేను కొవ్వూరు వైపు ఒక చిన్న ఊళ్లో ట్యుటోరియల్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. అందరూ మాస్టారు అనేవారు. ఆ పిలుపు చాలనుకుని ఉంటే బాగుండేది. దిగువన వరిచేలు తవ్వి రొయ్యల చెరువులు చేస్తున్న రోజులవి. ఒక పంటకే కొత్త మోటారు సైకిలు కొన్నవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు. నేనూ ఒక చెరువులో వాటా తీసుకున్నాను. చేతిలో డబ్బు లేదు. షావుకారు గారి దగ్గర ఇరవై వేలు అప్పు చేశాను, నెలకి నూటికి పది వడ్డీ. ఎవరూ బలవంతపెట్టలేదు. మా ఆవిడ వద్దంది కూడా. రెండో నెలలో రొయ్యలకి తెల్లమచ్చ రోగం వచ్చింది. ఒక పొద్దున్న వెళ్లేసరికి గట్టు పొడుగునా కాకులు. చెరువులోకి తొంగి చూడక్కర్లేకపోయింది.

షావుకారు గారు మా ఇంటికి వచ్చి అరవలేదు. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, "మాస్టారూ, మీ దగ్గర డబ్బు లేదని నాకు తెలుసండి. చేతిరాత ఉంది కదండి," అన్నారు. అలా ఆయన గుమాస్తానయ్యాను. పొద్దున్న బాకీదార్ల వాయిదా కార్డుల మీద సంతకాలు పెడుతూ వసూలు, మధ్యాహ్నం పుస్తకాలు రాయడం. నా జీతం నా వడ్డీకే పోయేది, అదీ పూర్తిగా సరిపోయేది కాదు. తక్కువపడ్డ మొత్తం సాయంత్రం ట్యూషన్లు చెప్పి సోమవారం సోమవారం నేనే కట్టాలి. అసలు మాత్రం అలాగే ఉండేది. లెక్కల మాస్టారిని. ఈ లెక్క ఎప్పటికీ తెగదని మొదటి వారమే నాకు అర్థమైంది.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నిద్రలో పోయారు. శవాన్ని చూడ్డానికి ఊరంతా వచ్చింది. సగం మంది నిజంగానే పోయాడో లేదో చూసుకోవడానికి వచ్చారని అప్పట్లో అనుకున్నారు. నేనూ ఆ సగంలో వాణ్ణే.

కాలవగట్టు మీద పాకలో పుట్టారాయన. లారీ క్లీనరుగా మొదలై, సారా కొట్టుకి కాపలా మనిషై, ఆ కొట్ల వేలం పాటల్లో వాటాదారయ్యారు. సారా నిషేధం వచ్చాక చేతిలో డబ్బుంది, కర్రలు పట్టే మనుషులు నలుగురున్నారు, పనే లేదు. ఆ డబ్బుకీ ఆ మనుషులకీ కలిపి ఆయన దొరకబుచ్చుకున్న పని వడ్డీ వ్యాపారం. ఏడాదికోసారి చెప్పుల్లేకుండా కోరుకొండ మెట్లెక్కి నరసింహస్వామిని చూసి వచ్చేవారు. గుడి దగ్గర అన్నదానానికి బియ్యం బస్తాలు పంపేవారు. బాకీ ఎగ్గొట్టాడని ఒక మిల్లు గుమాస్తాని లాకుల దగ్గర కాళ్లు కట్టి తలకిందులుగా నీళ్లలోకి దించిందీ ఆయనే. ఆ మనిషి బతికాడు గాని, తర్వాత ఎప్పుడూ కాలవ వంతెన దాటలేదు. అవతలి వీధిలో పనుంటే మనిషిని పంపేవాడు.

ఆయనకి ఒక పద్ధతి ఉండేది. ఎవర్నీ ఏకవచనంలో పిలవరు. కొట్టేటప్పుడు కూడా అండీ అనేవారు.

రెండో పద్ధతి తలుపులు. వరసగా మూడు సోమవారాలు కట్టకపోతే మనుషులు వెళ్లి ఇంటి వీధి తలుపు బందులు విప్పి పట్టుకొచ్చేస్తారు. ఇంకేమీ ముట్టుకోరు. ఆయన చిన్నతనంలో పన్ను కట్టలేదని వాళ్లమ్మ ఇంటి తలుపు అలాగే ఊడదీసుకెళ్లారట. నవ్వుతూ చెప్పేవారు. "గిన్నెలు పట్టుకుపోతే పక్కింట్లో అరువు తెచ్చుకుంటారండి. తలుపు ఎవరిస్తారండి అరువు?" కొత్త తలుపు పెట్టించుకుంటే అదీ ఊడి ఇక్కడికే వస్తుంది, అందుకని ఊళ్లో వడ్రంగులెవరూ ఆ ఇళ్ల వైపు వెళ్లేవారు కాదు. పోలీసు స్టేషన్లో కొందరికి ఆయన దగ్గర సొంత బాకీలుండేవి. ఇక ఎవరికి చెప్పుకుంటారు?

తెచ్చిన తలుపుల్ని పెరట్లో రేకుల పాకలో గోడకి ఆనించి వరసగా పెట్టేవాళ్లం. ప్రతి దాని మీదా సుద్దతో నంబరు వేసేది నేను. బాకీ పూర్తిగా తీరిన సోమవారం, ఆఖరి రూపాయి అందరి ముందూ పెరట్లోనే కట్టాలి. అప్పుడే ప్రామిసరీ నోటు చింపి తలుపు తిరిగి ఇస్తారు. బాకీ లేదన్న సంగతి నలుగురికీ తెలియాలి అనేవారు. నాకూ తలుపు ఉంది. గుమాస్తానని నాకేమీ మినహాయింపు లేదు.

చేరిన నెలలోనే ఒక రిక్షా అతన్ని తీసుకొచ్చారు. రాజమండ్రిలో తప్పించుకు తిరుగుతున్నాడని. షావుకారు గారు పాక దగ్గర నిలబడి, "చెయ్యి ఇలా పెట్టండి," అన్నారు. అతను ఏడుస్తూ ద్వారబంధం మీద చెయ్యి పెట్టాడు. ఆయన అతన్ని ముట్టుకోలేదు. పాక తలుపు మూశారు, అంతే. పది అడుగుల దూరంలో కూర్చుని నేను పుస్తకం రాస్తున్నాను. ఆ చప్పుడు విన్నాను, ఆ కేక విన్నాను. నా కలం ఆగలేదు. కేక కంటే ఆ సంగతే నాకు ఎక్కువ గుర్తుంది.

ఇక ఇరవై మూడో తలుపు సంగతి.

ఆ ఇల్లు కాలవ పక్కన, చర్చికి నాలుగిళ్ల అవతల. ఆ ఇంటావిడ పొద్దున్న బళ్లో ఆయా, సాయంత్రం మిషను మీద జాకెట్లు కుట్టేది. మా ఆవిడవీ కుట్టేది. భర్త రైసు మిల్లులో బస్తాలు మోసేవాడు. బస్తాతో పాటు మెట్ల మీంచి పడి నడుం విరిగి మంచాన పడ్డాడు. ఆయన్ని రాజమండ్రి ఆసుపత్రిలో పెట్టడానికి చేసిన అప్పు అది. ఆసుపత్రి నుంచి వచ్చిన నెలలో మూడు సోమవారాలు తప్పాయి. తలుపు వచ్చేసింది. ఒంటిరెక్క వేపచెక్క తలుపు. పైన కొత్త సంవత్సరం నాడు చర్చిలో ఇచ్చే వాక్యం కాగితం అంటించి ఉంది. నేను దాని కింద 23 అని వేశాను.

ఆవిడ ఎలా తెచ్చిందో తెచ్చింది. నెల తిరక్కుండా ఒక ఆదివారం ప్రార్థనయ్యాక చర్చి గేటు దగ్గర, ఆ దారిన వెళ్తున్న నన్ను ఆపి, జేబురుమాల్లో చుట్టిన తొమ్మిది వందలు నా చేతిలో పెట్టింది.

"బాకీ మొత్తం ఇంతే కదా మాస్టారూ. కార్డు ఇంటి దగ్గరుండిపోయింది. ఇంట్లో ఉంచితే ఖర్చయిపోతుందని భయం, అందుకే ఇప్పుడే ఇచ్చేస్తున్నాను."

"పరవాలేదమ్మా. రేపు పెరట్లో నేనే మీ పేరున జమకట్టేస్తాను. కార్డు మీద సంతకం తర్వాత వేస్తాను."

"మీరన్నాక ఇంకేముందండి."

ఆ మర్నాడు నాకు మూడో సోమవారం. ట్యూషను పిల్లలు పరీక్షలయ్యాక మానేశారు. రెండు వారాలు తప్పాను. పొద్దున్న బయల్దేరేటప్పుడు మా ఆవిడ గుమ్మంలో ముగ్గు వేస్తోంది. తలుపు ఆవిడ వెనక సగం తెరిచి ఉంది. ఆ తలుపు వైపే చూస్తూ మోపెడ్ తీశాను. పెరట్లోకి వెళ్లి ఆ తొమ్మిది వందల్నీ నా పేరున కట్టేశాను. తర్వాత సర్దుబాటు చేస్తాననుకున్నాను. అలా అనుకోని దొంగ ఎవడూ ఉండడు.

రెండు రోజులు ఆగి ఆవిడ తలుపు కోసం మనిషిని పంపింది. బాకీ తీరలేదని ఇక్కడినుంచి కబురు వెళ్లింది. ఆ పై సోమవారం ఆవిడే వచ్చింది. పెరట్లో ఇరవై మంది దాకా ఉన్నారు, కార్డులు పట్టుకుని.

"ఏంటమ్మా, కట్టేశానంటున్నారట?"

"కట్టేశానండి. ఆదివారం చర్చి దగ్గర మాస్టారి చేతికిచ్చాను."

షావుకారు గారు నా వైపు తిరిగారు. "మాస్టారూ?"

"నాకివ్వలేదండి," అన్నాను. ఎంత తొందరగా అన్నానో!

ఆవిడ నా మొహంలోకి చూసింది. కోపం లేదు. నేను మర్చిపోయానేమో, ఇప్పుడు గుర్తొస్తుందేమో అని చూస్తున్నట్టు చూసింది.

"ఇద్దరూ మర్యాదస్తులే. నేనెవర్ని తేల్చడానికండి? స్వామికే వదిలేద్దాం," అన్నారాయన. కోరుకొండ స్వామి పటం తెప్పించి బల్ల మీద పెట్టించారు. పళ్లెంలో కర్పూరం పెట్టించారు. మండే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ప్రమాణం చేస్తే మా వైపు ఇక తిరుగులేదు. అబద్ధం ఆడి ఆర్పితే ఇల్లు గుల్లవుతుందంటారు. "మీకు మా స్వామి వద్దంటే మీ బైబిలే తెప్పిస్తానమ్మా. దాని మీద చెయ్యేసి చెప్పండి. చాలు."

"మేం ఒట్టు పెట్టుకోమండి."

"మీ పుస్తకం మీదేనండి."

"దేని మీదా పెట్టుకోకూడదని మా వాక్యంలోనే ఉందండి. ఇచ్చాను. ఆ మాటొక్కటే ఉంది నా దగ్గర."

కార్డులు పట్టుకున్నవాళ్లలో కూరగాయలమ్మే ముసలావిడ అందుకుంది. "ఇచ్చినదానివైతే ఒట్టెయ్యడానికి నీకేం నొప్పే? నోట్లో పుండేమైనా లేచిందా?"

"వేస్తే కళ్లు పోతాయని భయం," అన్నాడు వెనకనుంచి ఎవడో. నవ్వులు. ఆ నవ్విన ప్రతివాడికీ రేపో మాపో తన తలుపు ఊడుతుందని తెలుసు. ఆ పూటకి దొంగ వేరే ఎవరో అయినందుకు వాళ్లకి తేలిగ్గా ఉంది.

నాకు ఒట్లు కొత్త కాదు. చిన్నప్పుడు గోళీకాయ కోసం కూడా అమ్మతోడు వేసినవాణ్ణే. ఆవిడ నమ్మకం ఆవిడ నోరు కట్టేసింది. నా నమ్మకం నన్నేమీ కట్టెయ్యలేదు. కర్పూరం మీద టక్కున చెయ్యి మూస్తే ఏమీ కాదు, అందరికీ తెలుసు. నేను చెయ్యి చాపాను. స్వామి కళ్లు చూశాను. చెయ్యి కిందికి దిగలేదు, పైకీ రాలేదు. మంట అరచేతికి తగులుతూనే ఉంది.

"అయ్యో, తీసెయ్యండి మాస్టారూ, కాలిపోతోంది!"

అన్నది ఆవిడే. ఆ మాటకి ఉలిక్కిపడి చెయ్యి అదిమేశాను. కర్పూరం ఆరింది. నేను గెలిచాను.

ఇంట్లో పాలగిన్నె పట్టుకుంటే కాలిందని చెప్పాను. మా ఆవిడ వెన్న రాసింది.

ఆ తర్వాత ఆవిడ ఇంటిముందు నుంచి వెళ్లని రోజు లేదు, అది నా వసూలు దారి. మొదట గుమ్మానికి చీర కట్టింది. వానకి అది చీకిపోతే గోనెపట్టా కట్టింది. ఒకరోజు ఆవిడ బళ్లో ఉండగా కుక్కలు దూరి అన్నం గిన్నె ఈడ్చుకెళ్లాయి. ఇంకో రోజు ఎవడో పట్టపగలు లోపలికొచ్చి ఇత్తడి బిందె తీసుకుపోయాడు. భర్త మంచం మీంచి చూస్తూనే ఉన్నాడు. అరిచాడట. దొంగ ఆయన వైపు తిరిగి, "పడుకో నాన్నా," అన్నాడట. దాంతో ఆవిడ ఆయా పని మానేసింది. కుట్టుమిషను పోతే ఇక తిండే లేదు. నీళ్లకి వెళ్లాలన్నా పక్కింటి వాళ్లెవరైనా గుమ్మంలో కూర్చోవాలి. చర్చికి వెళ్లడం కూడా మానేసింది. తలుపు లేని ఇల్లంటే ఎవరైనా రావచ్చనే అనుకుంటాం. లోపలున్న మనిషి బయటికి వెళ్లడానికే వీలుండదని నాకు అంతకు ముందు తెలియదు.

బాకీ ఇంకా ఉన్నట్టే కాబట్టి సోమవారం సోమవారం నేనే వెళ్లి వసూలు చేశాను. ఒకసారి కట్టేసిన డబ్బు ఆవిడ దగ్గర మళ్లీ కట్టించుకున్నాను, వడ్డీతో సహా. ఆవిడ గొడవపడలేదు. డబ్బిచ్చే ముందు మాత్రం కార్డు తీసి మిషను మీద పెట్టేది. "ముందు ఇక్కడ సంతకం పెట్టండి." అదొక్కటే తేడా. ఇదివరకు మంచినీళ్లు తాగుతారా అని అడిగేది. ఇప్పుడూ అడిగేది.

నేను మారాలని ప్రయత్నించాననే చెప్పుకోవచ్చు. రెండుసార్లు కొంత దాచాను. రెండుసార్లూ ఖర్చయిపోయింది. దాచిన డబ్బు కంటే నేను నమ్ముకున్నది వేరే. ఆవిడ ఎలాగూ రెండోసారి పూర్తిగా కట్టేస్తుంది. తలుపు దానంతటదే వెళ్లిపోతుంది. నేను నోరు విప్పే పని ఉండదు. ఆ రోజు కోసమే ఎదురు చూశాను. ఆ పద్నాలుగు నెలల్లో నేను చేసిన అన్నిటికంటే చెడ్డ పని అదేననుకుంటాను.

పన్నెండో నెల దాటాక ఒక సాయంత్రం మా ఆవిడ కుట్టడానికిచ్చిన జాకెట్లు తెచ్చుకుని వచ్చి, "మీ చెయ్యి పూర్తిగా మానిందా అని అడిగిందండి ఆవిడ," అంది. "కర్పూరం కాలినదానికి కలబంద మంచిదని చెప్పింది. పాలగిన్నె అన్నారు కదా మీరు?"

నేను ఏదో అన్నాను. మా ఆవిడ దీపం వత్తి ఎగదోసింది. నా చెయ్యి పట్టుకుని దీపం దగ్గర తిప్పి చూసి వదిలేసింది.

ఆ నెలలోనే షావుకారు గారు కోరుకొండ వెళ్లారు. ఆయన మనుషులు కూడా వెళ్లారు. మధ్యాహ్నం పాక తాళం నా దగ్గరుంది. ఇరవై మూడో తలుపు లాగి బయటపెట్టి రిక్షా పిలిచాను. వచ్చింది ఆ వేళ్లు విరిగిన రిక్షా అతనే. తలుపు చూశాడు, నన్ను చూశాడు, రిక్షాలోకి ఎత్తించాడు.

ఆవిడ మిషను మీంచి లేచి వచ్చి తలుపు మీద వాక్యం కాగితాన్ని వేలితో తుడిచింది.

"ఆయన పంపించారా అండి?"

"లేదమ్మా. నేనే తెచ్చాను."

"అంటే బాకీ తీరినట్టేనా?"

"అది నేను చూసుకుంటాను. బిగించుకోండి. వాళ్లు మళ్లీ లెక్కపెట్టరు, ఎవరికీ తెలీదు."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. "అయితే పట్టుకెళ్లండి."

లోపల్నుంచి భర్త అరిచాడు. "తీసుకోవే! కుక్కలొస్తున్నాయే!"

"మీరుండండి," అంది లోపలికి. తర్వాత నాతో, గొంతు పెంచకుండా, "ఆ రోజు ఇరవై మంది ఉన్నారు మాస్టారూ. బజార్లో కూరలావిడ నన్ను చూస్తే గల్లాపెట్టె మీద చెయ్యి వేసుకుంటుంది. దొంగతనంగా వచ్చిన తలుపేసుకుని లోపల కూర్చుంటే వాళ్లన్నది నిజమైపోదా? ఆ ఇరవై మంది ముందు చెప్పండి. అప్పుడు తెండి."

తలుపు మళ్లీ రిక్షా ఎక్కింది. రిక్షా అతను దారిలో అన్నాడు, "షావుకారు గారు కోరుకొండ వెళ్తే మీరు తలుపుకి తీర్థయాత్ర చేయించారండి." కిరాయి ఇవ్వబోతే ఒకవైపుకే తీసుకున్నాడు. "రెండోది యాత్ర పుణ్యం."

ఆ తర్వాత కూడా నేను చెప్పలేదు. నాలుగు సోమవారాలు గడిచాయి. ఐదో సోమవారం ఆవిడ ఆఖరి వాయిదా. పక్కింటావిడని గుమ్మంలో కూర్చోబెట్టి పెరట్లోకి వచ్చింది. ఆ ఇరవై మందిలో చాలామంది ఉన్నారు, కూరలావిడతో సహా. ఆవిడ నా బల్ల దగ్గరకొచ్చి ఆఖరి యాభై కాగితం తీసింది. బల్ల మీద పెట్టలేదు. చేతిలో పట్టుకుని నిలబడింది.

"ఇది కడితే బాకీ లేనట్టే కదా మాస్టారూ?"

"అవునమ్మా."

"అయితే తీసుకోండి."

నేను చెయ్యి చాపాలి, అంతే. చాపితే అయిపోతుంది. తలుపు వెళ్తుంది, నోటు చిరుగుతుంది, నా అబద్ధం మీద ముద్ర పడిపోతుంది, ఇక ఎవరూ ఎప్పుడూ తవ్వరు. ఆవిడకి ఇది తెలుసు. తెలిసే పట్టుకుని ఉంది. నా చెయ్యి బల్ల మీంచి లేవలేదు.

"మీరు పద్నాలుగు నెలల కిందటే కట్టేశారమ్మా," అన్నాను. వినపడలేదేమోనని లేచి నిలబడి మళ్లీ అన్నాను. "ఆవిడ ఆ రోజు నిజమే చెప్పింది. తొమ్మిది వందలూ నా చేతికే ఇచ్చింది. నా తలుపు పోతుందని నా పేరున కట్టుకున్నాను. ఒట్టు తప్పుడు ఒట్టు."

ఎవరూ నవ్వలేదు. కూరలావిడ తన కార్డు వైపు చూసుకుంది.

షావుకారు గారు కుర్చీలోంచి లేచి వచ్చారు. "మంచిదండి. నిజం చెప్పారు," అన్నారు. నా దగ్గరికొచ్చి నాకొక్కడికే వినపడేలా, "ఆ రోజే తెలుసండి నాకు. కర్పూరం దగ్గర మీ చెయ్యి ఆగిపోయింది కదండి. అబద్ధమాడిన గుమాస్తా ఎక్కడికీ పోడని ఊరుకున్నాను. ఇప్పుడిలా నలుగురిలో నా తీర్పు తప్పని చెబితే ఎలాగండి?" అన్నారు. నిజంగానే నొచ్చుకున్నట్టుంది ఆయన గొంతు.

తర్వాత గట్టిగా అన్నారు. "మా దగ్గర అన్యాయం జరగదండి. ఆవిడ తలుపు ఆవిడకి పంపించండి. రెండోసారి కట్టిందంతా తిరిగి ఇచ్చెయ్యండి. అది మాస్టారి ఖాతాలో రాయండి." ఆగారు. "మాస్టారూ, చెయ్యి ఇలా పెట్టండి."

పెట్టాను. పాక దగ్గరికి నడిచి వెళ్లి నేనే పెట్టాను. ఎవరూ నన్ను లాక్కెళ్లలేదు. నొప్పి గురించి రాయడానికేమీ లేదు. నా కేక విన్నాక అటువైపు ఎవరైనా రాయడం ఆపారా అని మాత్రం ఆ క్షణంలోనే అనిపించింది.

"తలుపు బిగించి వచ్చాక ఆసుపత్రికి వెళ్దురు గాని. రేపటినుంచి ఎడంచేత్తో రాయండి," అన్నారాయన. అలాగే రాశాను, ఇంకో రెండేళ్లు.

రిక్షాలో తలుపు, పక్కన నేను. షావుకారు గారే పంపారని తెలిసి వడ్రంగి కూడా వచ్చాడు. పద్నాలుగు నెలలు రేకుల కింద చెమ్మకి తలుపు ఉబ్బింది, ద్వారబంధంలో పట్టలేదు. వడ్రంగి అంచు చిత్రిక పడుతుంటే నేను ఎడమ భుజంతో ఆనించి పట్టుకున్నాను. ఆవిడ జాకెట్టు గుడ్డ ముక్క ఒకటి చింపి నా వేళ్లకి చుట్టింది. బిగించి కట్టింది. క్షమించమని అడగాలని నోరు తెరిచాను.

"కదపకండి," అంది. "ముడి జారిపోతుంది."

ఇంకేమీ అడగలేదు నేను. ఆవిడా ఏమీ ఇవ్వలేదు. మనసులో ఏమనుకుందో నాకు ఈ రోజుకీ తెలియదు. అడిగే హక్కు ఉందనుకోవడం లేదు.

బందులు బిగిశాయి. ఆవిడ లోపలికెళ్లి భర్త తల దగ్గర నీళ్ల చెంబు పెట్టింది. డబ్బా అడుగునుంచి తాళంకప్ప తీసి కొబ్బరి నూనె చుక్క వేసింది. ఇన్నాళ్లూ దాచి ఉంచుకుంది దాన్ని.

"తాళం వేసుకుని వెళ్తున్నానండి," అంది భర్తతో.

"పో పో," అన్నాడాయన లోపల్నుంచి, నవ్వుతూ. "నేనెక్కడికి పోతాను?"

"ఎక్కడికమ్మా?" అన్నాను.

"బజారుకండి. కూరలు తెచ్చుకోవాలి."

తలుపు మూసి గొళ్లెం పెట్టి తాళం వేసింది. తాళంచెవి బొడ్లో దోపుకుంది. నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, తాళం ఒకసారి లాగి చూసుకుంది. తర్వాత కూరలమ్మే వీధి వైపు రోడ్డు మధ్యనుంచి నడుచుకుంటూ వెళ్లిపోయింది.